ఫొటో కోసం తొడిగిన సూటు

షాలోమి గురించి రాసే అర్హత నాకు ఉందా అని చాలా రోజులు ఆలోచించాను. ఆ పిల్ల నన్ను అడిగిన సాయం ఒక్కటే. అది నేను చెయ్యలేదు. అయినా రాస్తున్నాను. జరిగినదంతా చూసినవాళ్ళలో తీరిగ్గా కూర్చుని కాగితం మీద పెట్టగలిగేవాళ్ళు తక్కువ. పైగా నాకింకా కోపం తగ్గలేదు. తగ్గాక రాస్తే మాటలు మెత్తబడతాయేమోనని భయం.

నా పేరు సుజాత. నూజివీడులో డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెబుతాను. షాలోమి మూడేళ్ళు నా దగ్గర చదివింది. విస్సన్నపేట వెళ్ళే దారిలో, మామిడి తోటల మధ్య నలభై ఇళ్ళ పేట వాళ్ళది. తండ్రి సలోమోను తోటల్లో మందు కొట్టే కూలి. తల్లి విజయరాణి కోతల రోజుల్లో కాయలు ఏరి పెట్టెలకెత్తుతుంది, మిగతా కాలంలో వరి నాట్లకీ కలుపుకీ పోతుంది. షాలోమి కూడా సెలవుల్లో తల్లితో పాటు పెట్టెల పనికి వెళ్ళేది. మామిడి సొన పడి కాలిన మచ్చ ఒకటి ఎడమ బుగ్గ మీద ఇప్పటికీ ఉంది.

క్లాసులో గట్టిగా మాట్లాడే పిల్ల కాదు. కానీ ఒకరోజు పరాగ సంపర్కం పాఠం మధ్యలో లేచి నిలబడింది.

"మేడమ్, మామిడి పూతకి ఈగలు వస్తేనే కాయ నిలబడుతుందని పుస్తకంలో ఉంది. మా తోటల్లో అసలు ఈగలే కనపడట్లేదు. ఏమైపోయాయండీ?"

"మందులు ఎక్కువయ్యాయి కదమ్మా" అని ఏదో చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను. ఆ పిల్ల మాత్రం ఆ ప్రశ్నని వదల్లేదు.

డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ బోటనీ చదవాలని కోరిక. కౌన్సెలింగులో ఆ సీటు రాలేదు, ఎన్విరాన్‌మెంటల్ సస్టైనబిలిటీలో వచ్చింది. ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "చేరు, నువ్వు అడిగిన ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాను. ఆ విశ్వవిద్యాలయం ఏదో ఇక్కడ చెప్పను. చెబితే చదివేవాళ్ళు ఆ ఒక్క చోటే ఇలా జరుగుతుందనుకుని తమ ఊరి వైపు చూసుకోరు.

చేరిన వారం రోజులకే ఆ పిల్ల గొంతు మారిపోయింది. ప్రొఫెసర్ నారాయణరావు అనే ఆయన పాఠం అద్భుతంగా చెబుతారని మురిసిపోయింది. మొదటి రోజే బోర్డు మీద మూడు వలయాలు గీసి ఆయన చెప్పిన మాట నోటుబుక్కులో రాసుకుని నాకు చదివి వినిపించింది. "నేల బాగుండాలి, రైతు బాగుండాలి, పని చేసే మనిషి బాగుండాలి. మూడింట్లో ఏ ఒక్కటి పోయినా సస్టైనబిలిటీ అనే మాట వాడే హక్కు మనకి లేదు."

అంత మాట అనగలిగిన మనిషే తర్వాత చేసిన పని చేశాడు. ఆయన చెడ్డ టీచరైతే నాకింత మంట ఉండేది కాదు.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు సలోమోను కూతుర్ని అడిగాడట, "అంటే ఏంటే అది? పలకడానికే నోరు తిరగట్లేదు" అని.

"ఇవాళ మనం వాడుకున్నట్టే రేపొచ్చేవాళ్ళూ వాడుకునేట్టు ఉంచడం నాన్నా. నేలనీ, నీళ్ళనీ, మనుషుల్నీ."

"మనుషుల్ని కూడానా?"

"మా సారు అట్టాగే చెప్పారు."

"మంచి సారే" అన్నాడట సలోమోను.

సలోమోను చేసే పని ఎలాంటిదో కాస్త చెప్పాలి. ఒకప్పుడు కాపు మొత్తానికి నాలుగైదు సార్లు మందు కొడితే సరిపోయేది. నల్ల తామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి పదిహేను సార్లు కొట్టినా పూత నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఒక మందుకి చావకపోతే రెండు, రెండింటికి చావకపోతే మూడు కలుపుతారు. ట్రాక్టరు మీద పెద్ద ట్యాంకు ఉంటుంది. దాన్నుంచి పొడుగాటి గొట్టం. గొట్టం చివర గన్ పట్టుకున్న మనిషి చెట్టు కింద నిలబడి పైకి కొడతాడు. పైకి కొట్టిన మందు ఆకుల మీద సగం ఆగితే, సగం మంచులాగా అతని నెత్తి మీదే దిగుతుంది. మూతికి తువ్వాలు, ఒంటికి పాత ఫుల్ చేతుల చొక్కా, కాళ్ళకి ఏమీ లేదు. షాలోమి చంటిపిల్లగా ఉన్నప్పుడు పూత రోజులు వస్తే సలోమోను బిడ్డని ఎత్తుకునేవాడు కాదట. ఎంత సబ్బు రుద్దినా చేతుల వాసన పోదని, దూరంగా కూర్చుని ఆడించేవాడని విజయరాణి నాతో చెప్పింది.

షాలోమి రెండో ఏడాదిలో ఉండగా, పళ్ళు ఎగుమతి చేసే ఒక సంస్థ ఆ డిపార్ట్‌మెంటుతో ఒప్పందం చేసుకుంది. మన ప్రాంతంలో పద్దెనిమిది తోటలు సర్వే చేసి, పద్ధతులు బాగున్నాయని తేలితే పెట్టెల మీద 'సుస్థిర మామిడి' అన్న ముద్ర వేసుకోవచ్చు. ఆ సర్వేనే షాలోమికీ, క్లాస్‌మేట్ నవ్యకీ ప్రాజెక్టుగా ఇచ్చారు నారాయణరావు. ఫోన్లో నలభై రెండు ప్రశ్నల ఫారం. సమాధానం చెప్పాల్సింది తోట యజమాని, లేదంటే తోటని గుత్తకి తీసుకున్నవాడు. మందు కొట్టేవాణ్ణి గానీ కాయ ఏరే ఆడమనిషిని గానీ అడగమని ఎక్కడా లేదు.

తోటల్లో సిగ్నల్ సరిగా ఉండదు. అందుకని ఇద్దరూ ముందు నోటుబుక్కులో సమాధానాలు రాసుకుని, చెప్పినవాళ్ళతో కింద సంతకం పెట్టించుకుని, రోడ్డు మీదకొచ్చాక ఫోన్లో ఎక్కించేవాళ్ళు.

వాళ్ళ పేటకి దగ్గర్లో నాలుగు తోటలు గుత్తకి తీసుకున్న మనిషి పోతురాజు. డిసెంబరు చివర్లో, పూత విచ్చుతున్న రోజుల్లో షాలోమి అతని దగ్గరికి వెళ్ళింది. అతను షెడ్డులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. యాభై అడుగుల దూరంలో సలోమోను, నాగరాజు చెట్లకి మందు కొడుతున్నారు. నాగరాజు అదే పేట మనిషి, ముప్పై నాలుగేళ్ళవాడు, సలోమోనుకి పనిలో జోడీ.

"ముప్పై ఒకటో ప్రశ్నండీ. మందు కొట్టేవాళ్ళకి చేతి తొడుగులు, మాస్కు, కళ్ళద్దాలు, ఒంటికి సూటు ఇస్తున్నారా?"

"ఇస్తున్నామని రాయమ్మా."

"ఎక్కడున్నాయండీ? ఒకసారి చూస్తాను."

"ఇస్తే మాత్రం వేసుకుంటారా వాళ్ళు? ఉక్కపోత అంటారు. వేసుకోరని తెలిసే ఇవ్వట్లేదు. అంటే ఇచ్చినట్టేగా."

"మా నాన్న అక్కడే ఉన్నాడండీ పోతురాజు గారూ. పిలిచి అడగమంటారా, ఇస్తే వేసుకుంటాడో లేదో?"

పోతురాజు నవ్వేశాడు. "చదువుకున్నదానివి, నీతో ఎవరు వాదిస్తారే తల్లీ. నీకేది తోస్తే అది రాసుకో."

'లేదు' అని రాసి సంతకం పెట్టమంది. పెట్టాడు. పద్దెనిమిది తోటల్లో ఒక్క చోట కూడా ఆ ప్రశ్నకి 'అవును' అన్న జవాబు రాలేదు.

జనవరిలో షాలోమి యూనివర్సిటీలో ఉండగా తండ్రి ఫోన్ చేశాడు. మనిషి ఉషారుగా ఉన్నాడు.

"మీ కాలేజీవాళ్ళూ, ఆ కంపెనీవాళ్ళూ కారేసుకుని వచ్చారే. నాకు తెల్ల సూటు తొడిగి ఫొటో తీశారు. చంద్రుడి మీదకి పోయేవాడిలాగా ఉన్నానని మీ అమ్మ ఒకటే నవ్వు."

సూటు ఇచ్చారన్నమాట, మన సర్వేకి ఫలితం వచ్చిందని షాలోమి ఆ రోజు హాస్టల్లో అందరికీ చెప్పుకుంది.

ఫిబ్రవరి మధ్యలో రిపోర్టు విడుదల సభ పెట్టారు. సెమినార్ హాలు నిండా బ్యానర్లు. వచ్చిన పెద్దలకి పూలగుత్తులు ఇవ్వడానికి షాలోమినీ నవ్యనీ చీరలు కట్టుకుని రమ్మన్నారు. పంచడానికి పెట్టిన పుస్తకాల దొంతర్లోంచి షాలోమి ఒకటి తీసి చూసింది. అట్ట మీద సలోమోను. తెల్ల సూటు, చేతులకి నీలం తొడుగులు, నుదుటి మీదకి నెట్టుకున్న కళ్ళద్దాలు, మొహం నిండా నవ్వు. లోపల ఇరవై ఏడో పేజీలో ఒక వాక్యం: 'సర్వే చేసిన తోటలన్నింటిలోనూ పిచికారీ కార్మికులకు చేతి తొడుగులు, మాస్కులు, కళ్ళద్దాలు, రక్షణ దుస్తులు అందుతున్నాయి.' చివరి పేజీలో, క్షేత్ర పరిశీలన చేసినవారుగా షాలోమి పేరు, నవ్య పేరు.

బయటకొచ్చి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఆ సూటు ఏది?"

"ఏ సూటు?"

"ఫొటోకి వేసుకున్నది."

"అదా. ఫొటో అవ్వగానే విప్పించి పట్టుకుపోయారుగా. ఇంకో రెండు తోటల్లో కూడా తియ్యాలన్నారు. తెచ్చిందే ఒకటి."

"ఎంతసేపు ఉంది నీ ఒంటి మీద?"

"పది నిమిషాలు ఉంటదేమో."

"తర్వాత నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? ట్యాంకులో సగం మిగిలుంటే కొట్టేశాను."

సభ అయ్యేదాకా ఆగి నారాయణరావు గదికి వెళ్ళింది. అక్కడ జరిగిన మాటలు ఆమె నాకు రెండు మూడు సార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా చెప్పింది.

"సార్, ముప్పై ఒకటో ప్రశ్నకి పద్దెనిమిది తోటల్లోనూ 'లేదు' అని పంపించాం."

"తెలుసమ్మా. అది అప్పటి పరిస్థితి. వచ్చే సీజన్ నుంచి అన్నీ ఇస్తామని సంస్థవాళ్ళు రాసిచ్చారు. రిపోర్టు ముందుచూపుతో ఉండాలి."

"'ఇస్తాం' అని లేదు సార్. 'అందుతున్నాయి' అని ఉంది."

"నాకు వ్యాకరణం నేర్పుతావా?"

"ఆ అట్ట మీదున్నది మా నాన్న సార్."

ఆ సంగతి ఆయనకి అప్పటిదాకా తెలియదట. విన్నాకైనా మనిషికి సిగ్గేస్తుందని మనం అనుకుంటాం. "మంచిదేగా, ఆయనకి గౌరవమేగా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ ప్రాజెక్టు పోతే వచ్చే ఏడాది మనకి ల్యాబ్ ఉండదు. నీ వెనకాల వచ్చే పిల్లల గురించి ఆలోచించు" అన్నారు. పేద పిల్లల్ని నోరు మూసుకోమనడానికి మిగతా పేద పిల్లల్నే అడ్డం పెట్టడం మన విద్యాసంస్థల్లో కొత్తేమీ కాదు.

ఆ ఆదివారం షాలోమి మా ఇంటికొచ్చింది. తన పేరు రిపోర్టులోంచి తీసెయ్యమని రిజిస్ట్రారుకి రాసిన ఉత్తరం చూపించింది.

"మీరు ఏటా పిల్లల్ని తీసుకుని ఆ తోటలకి వస్తారు కదండీ. ఎవరి ఒంటి మీదా సూటు గానీ తొడుగు గానీ ఉండదని మీరూ చూశారు. ఇక్కడొక సంతకం పెట్టండి మేడమ్. పెద్దవాళ్ళు ఒక్కరైనా ఉంటే నా మాట వింటారు."

నేను పెట్టలేదు. ముందు డిగ్రీ చేతికి రానివ్వమన్నాను. ఇంకో మూడు నెలలేగా అన్నాను. గైడుతో గొడవ పెట్టుకుని బాగుపడినవాళ్ళు లేరన్నాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నదంతా ఆ పిల్లకి పావుగంటలో చెప్పాను.

"నవ్య కూడా ఇదే అందండీ" అని లేచింది. ఆ ఉత్తరం పట్టుకుని నెల రోజులు ఊరుకుంది. ఊరుకోమన్నది నేనే.

మార్చి మొదటి వారంలో, కాయ నిమ్మకాయంత అయిన రోజుల్లో, మధ్యాహ్నం పోతురాజు తోటలో నాగరాజు పడిపోయాడు. ముందు చెమటలు పట్టాయి. నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. గన్ వదిలేసి చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. సలోమోను, ట్రాక్టరు తోలే శివ కలిసి అతన్ని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని నూజివీడు ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరు మొదట అడిగిన మాట, "ఏం మందు కొట్టాడు?" అని. ఎవరికీ తెలియదు. మందు కలిపేది పోతురాజు మనిషి. ప్యాకెట్లు అప్పటికప్పుడు గట్టు పక్కన కాల్చేస్తాడు.

సలోమోను కూతురికి ఫోన్ చేశాడు. "శివని తోటకి పంపించు నాన్నా, బూడిదలో చూడమను. డబ్బా అయితే మూత దగ్గర కాగితం పూర్తిగా కాలదు" అంది షాలోమి. శివ వెళ్ళి సగం కాలిన డబ్బా ఒకటి తెచ్చాడు. దాని మీద మిగిలిన నాలుగు అక్షరాలు ఫొటో తీసి పంపితే మందు పేరు షాలోమే చెప్పింది. ఆ పేరు వినగానే డాక్టరు వైద్యం మొదలుపెట్టాడు. ఆమె రెండేళ్ళు చదివిన చదువు ఎవరికైనా పనికొచ్చిందంటే ఆ మధ్యాహ్నమే.

నాగరాజు బతికాడు. పదకొండు రోజుల తర్వాత ఇంటికొచ్చాడు. కానీ కుడిచెయ్యి వణుకు పోలేదు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగలేడు.

అతని భార్య రాజ్యలక్ష్మి, తమకి దారేదో చూపించమని పోతురాజుని అడగడానికి వెళ్ళింది. పోతురాజు షెడ్డులోంచి ఆ రిపోర్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అన్నీ ఇస్తున్నామని యూనివర్సిటీవాళ్ళే రాశారని, వేసుకోకపోవడం నాగరాజు తప్పని, నమ్మకపోతే రాసింది మీ పేట పిల్లే గనక పోయి ఆమెనే అడగమని చెప్పాడు. 'లేదు' అన్న జవాబు కింద తన చేత్తో సంతకం పెట్టిన మనిషి ఆ మాటన్నాడు!

షాలోమి ఆ వారం ఇంటి దగ్గరే ఉంది. రాజ్యలక్ష్మి ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది.

"నాకు చదువు రాదు షాలోమీ. ఇందులో మా ఆయన గురించి ఏం రాశావో నువ్వే చదివి వినిపించు."

షాలోమి ఇరవై ఏడో పేజీ తీసి చదివింది. మొత్తం చదివింది.

"మా ఆయన ఇవన్నీ వేసుకున్నాడా?"

"లేదు పిన్నీ."

"ఇచ్చారా?"

"లేదు."

"మరెందుకు రాశావే?"

"నేను రాయలేదు పిన్నీ. నేను రాసింది మార్చేశారు."

"నీ పేరుందంటగా?"

"ఉంది."

"మార్చారని తెలిసి ఎన్నాళ్ళయింది?"

"నెలయింది పిన్నీ" అంది షాలోమి. రాజ్యలక్ష్మి పుస్తకం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. కేకలేసినా బాగుండేదని షాలోమి నాతో అంది. సలోమోను ఇదంతా గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. అట్ట మీద నవ్వుతున్న తన మొహం మీద చెయ్యి పెట్టి, "నా ఫొటో పెట్టే కదా నాగరాజు నోరు నొక్కారు" అన్నాడు.

మూడో రోజు షాలోమి విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఉత్తరం ఇచ్చింది. తీసుకున్నట్టు ముద్ర వేసివ్వమంటే కుదరదన్నారు. ముద్ర పడేదాకా రెండు రోజులు ఆఫీసు వరండాలో కూర్చుంది. అక్కడితో ఆగలేదు. పేటకి తిరిగొచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నోటుబుక్కు తెరిచి కూర్చుంది. ఏం మందు కొట్టారు, ఎవరు కలిపారు, అన్నం తినేముందు కడుక్కోవడానికి నీళ్ళున్నాయా, సబ్బుందా, ఒంట్లో ఏమేం బాధలున్నాయి. నలభై రెండు ప్రశ్నల్లో లేని ప్రశ్నలు ఇవి. చుట్టుపక్కల పేటల నుంచి చర్చికి వచ్చేవాళ్ళూ, రానివాళ్ళూ కూడా వచ్చి చెప్పారు. పది రోజుల్లో అరవై ఒక్క మంది. తన తండ్రిని కూడా అందరిలాగే వరసలో కూర్చోబెట్టి అడిగింది. ఎండలో చూపు మసకబారుతోందని, రెండేళ్ళ నుంచీ అంతేనని సలోమోను అప్పుడు చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా.

మేలో వైవా జరిగింది. బయటి విశ్వవిద్యాలయం నుంచి విజయలక్ష్మి గారనే ఎగ్జామినర్ వచ్చారు. బల్ల మీద ఒక పక్క నారాయణరావు పెట్టిన రిపోర్టు, ఇంకో పక్క షాలోమి పెట్టిన నోటుబుక్కులు.

"వీటిలో నీ ప్రాజెక్టు ఏదమ్మా?" అని అడిగారావిడ.

"నోటుబుక్కులండీ. ఆ పుస్తకంలో నా పేరొక్కటే ఉంది."

విజయలక్ష్మి గారు సంతకాలున్న పేజీలు ఒక్కొక్కటీ తిరగేశారు. అరవై ఒక్క మంది చెప్పింది చదివారు. నారాయణరావు గారు అడ్డం వచ్చారు. "అది అనుమతి లేకుండా చేసిన సర్వే. మనుషుల ఆరోగ్యం గురించి అడగాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. దాన్ని పరిగణించడానికి వీల్లేదు."

రూలు ప్రకారం ఆయన మాటే నిజం. నా ఒళ్ళు మండేది సరిగ్గా ఇక్కడే. నీ కళ్ళు మండుతున్నాయా నాన్నా అని కూతురు తండ్రిని అడగడానికి కమిటీ ఆమోదం కావాలి. అదే తండ్రికి పది నిమిషాలు సూటు తొడిగి, ఫొటో తీసి, విప్పించి పట్టుకుపోవడానికి ఏ కమిటీని అడగక్కర్లేదు. 'లేదు'లన్నింటినీ 'అవును'గా మార్చడానికి ఎవరి ఆమోదం తీసుకున్నారో నేటికీ ఎవరూ చెప్పలేదు.

రూలు అడ్డొచ్చి విజయలక్ష్మి గారు మార్కులు వెయ్యలేకపోయారు. కానీ ఊరుకోలేదు. చూసినదంతా రెండు పేజీలు రాసి సంతకం పెట్టి వెళ్ళారు. దాని మీద విశ్వవిద్యాలయం తేల్చింది ఏమిటంటే, షాలోమి వేరే గైడు దగ్గర ప్రాజెక్టు మొదటి నుంచీ మళ్ళీ చెయ్యాలి, రిపోర్టు మీద ఒక విచారణ సంఘం వెయ్యాలి. తప్పు రాసినవాళ్ళకి విచారణ, తప్పని చెప్పిన పిల్లకి శిక్ష. శిక్ష మర్నాటి నుంచే అమలైంది. విచారణకి నాలుగు నెలలు పట్టింది.

ఆ ఎండాకాలం విజయరాణి కాయలెత్తిన పెట్టెలన్నింటి మీదా 'సుస్థిర మామిడి' ముద్ర ఉంది. పెట్టెలు ముందే అచ్చయిపోయాయి కాబట్టి వాడుకున్నారట. షాలోమి తల్లి పక్కన నిలబడి ఆ పెట్టెల్లో బంగినపల్లి కాయలు సర్దింది. పనికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు మరి.

సంఘం ముందు నవ్య వచ్చి నిజం చెప్పింది. అప్పటికి ఆమె పరీక్ష పాసైపోయింది. ఆలస్యంగానైనా చెప్పింది. నేనూ ఆగస్టులో ఒక ఉత్తరం రాసి పంపాను, తోటల్లో ఏళ్ళ తరబడి నేను చూసినదంతా. ఆ సంగతి ఫోన్లో చెబితే షాలోమి "మంచిదండీ మేడమ్" అంది. అంతకుమించి అనాల్సిన అవసరం కూడా లేదు. సెప్టెంబరులో ఆ రిపోర్టు వెబ్‌సైటులోంచి మాయమైంది. ఎందుకు తీశారో ఒక్క ముక్క రాయలేదు. క్షమాపణ మాట అటుంచి, తప్పు జరిగిందన్న మాట కూడా లేదు. నారాయణరావు గారు ఇప్పటికీ అక్కడే పాఠం చెబుతున్నారు. మూడు వలయాలూ గీస్తూనే ఉండి ఉంటారు.

డిసెంబరులో మళ్ళీ పూత వచ్చింది. ఈసారి పేటలో మందు కొట్టేవాళ్ళు ఉత్తి చేతులతో తోటలోకి రామన్నారు. ఆ మాట ముందు అన్నది సలోమోను. కూతురు అనమని చెప్పలేదు. పోతురాజు చింతలపూడి వైపు నుంచి మనుషుల్ని పిలిపించాడు. శివ వాళ్ళకి ఎదురెళ్ళి నాగరాజుని చూపించాడు. వాళ్ళలో సగం మంది వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయారు. ఆరో రోజుకి పోతురాజు దిగొచ్చాడు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఇచ్చాడు. చెట్టు కింద నీళ్ళ డ్రమ్ము, సబ్బు పెట్టించాడు. మందు కలిపేముందు డబ్బా మీద పేరు అందరికీ చదివి చెప్పాలి, పని అయ్యేదాకా డబ్బాలు కాల్చకూడదు అని కూడా ఒప్పుకున్నాడు. సూట్లు మాత్రం రాలేదు. పక్క తోటల్లో ఇవి కూడా లేవు.

షాలోమి ప్రాజెక్టు రెండోసారి చేసింది, ఈసారి కమిటీ ఆమోదం తీసుకుని మరీ. పోతురాజు ఆమెని గేటు లోపలికి రానివ్వలేదు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని, పనికి వెళ్ళేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ ఆపి నూట నలభై మందితో మాట్లాడింది. నేను రెండు సార్లు వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళతో ఆమె మాట్లాడే తీరు చూస్తే, ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపించింది. అడిగితే, "ఓపిక కాదు మేడమ్, కోపం. కోపం ఉంటే ఎంతసేపైనా కూర్చోగలం" అంది.

డిగ్రీ ఏడాది ఆలస్యంగా, సెకండ్ క్లాసులో వచ్చింది. ఇప్పుడు విస్సన్నపేటలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. నాగరాజుకి ఇప్పటిదాకా ఎవరూ ఏ పరిహారమూ ఇవ్వలేదు. రాజ్యలక్ష్మి ఒక్కతే కూలికి వెళుతోంది. నాగరాజు తరఫున పెట్టిన అర్జీ ఒక ఆఫీసులో ఉంది. నెలకి రెండు సోమవారాలు సెలవు పెట్టుకుని, రాజ్యలక్ష్మిని వెంటబెట్టుకుని షాలోమి ఆ ఆఫీసుకి వెళుతుంది. మొన్న వెళ్ళినప్పుడు ఫైలు కనపడట్లేదన్నారట. కనపడేదాకా ఇక్కడే ఉంటామని ఇద్దరూ బల్ల ముందే కూర్చున్నారు. మూడు గంటలకి ఫైలు దొరికింది. చూసే ఆయన సెలవులో ఉన్నాడని, ఇంకో పదిహేను రోజులు ఆగి రమ్మని చెప్పారు.